తనాకా కకుయేయి జీవితం రాయబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

జపాన్ మాజీ ప్రధాని తనాకా కకుయేయి మీద పత్రికకు వ్యాసం రాస్తున్నావని తెలిసి సంతోషించాను. మనిషి గొప్ప వస్తువే, కానీ కాలు జారే చోట్లు చాలా ఉన్నాయి.

ముందు లెక్కలు సరిచూసుకో. జపాన్ పత్రాల్లో ఏళ్లు చక్రవర్తుల శకాల్లో ఉంటాయి. తైషో అంకెకు 1911, షోవాకు 1925, హేసేయికి 1988 కలుపు. తైషో 7లో పుట్టాడంటే 1918, షోవా 47లో ప్రధాని అయ్యాడంటే 1972, హేసేయి 5లో పోయాడంటే 1993. డబ్బు దగ్గర ఇంకా జాగ్రత్త. వాళ్ల ‘ఒకు’ అంటే మన పది కోట్లు. అమెరికా విమానాల కంపెనీ లాక్‌హీడ్ లంచం కేసులోని 5 ఒకులు 50 కోట్ల యెన్‌లు. తొందరలో ఐదు కోట్లని రాసేస్తారు. రూపాయల్లోకి మార్చే పని పెట్టుకోకు, ఏ ఏటి మారకమో చెప్పకపోతే ఆ అంకె ఉత్తదే. పేరుతో పేచీ లేదు. మనలాగే వాళ్లకూ ఇంటిపేరే ముందు.

వ్యాసాన్ని పుట్టిన తేదీతో మొదలుపెట్టకు, మంచుతో మొదలుపెట్టు. ఆయన సొంత ప్రాంతం నీగాతా జపాన్ సముద్రం వైపు ఉంది. చలికాలం సైబీరియా గాలులు సముద్రం మీది తేమను మోసుకొచ్చి అక్కడి కొండలకు కొట్టి మంచుగా దించేస్తాయి. కొండల అవతల టోక్యో వైపు పొడిగా ఎండ కాస్తుంటుంది. ఇవతల ఊళ్లకు ఊళ్లు మంచులో మునిగి, రైతులు కూలి పనులకు ఆ టోక్యోకే వలస పోయేవారు. మికుని కనుమను తవ్వి పారేస్తే మంచు పడదు, ఆ మట్టితో సముద్రాన్ని పూడ్చి సాదో దీవిని కలిపేద్దాం అని తనాకా సభల్లో చెప్పేవాడని ప్రసిద్ధి. నవ్వొస్తుంది గానీ ఇది వదలకు. ఆయన రాజకీయమంతా ఇందులోనే ఉంది.

తర్వాత ఎన్నికల పద్ధతి చెప్పాలి. ఇది చెప్పకుండా తనాకాను వివరించబోతే పాఠకుడికి ఏమీ ఎక్కదు. అప్పట్లో ఆయన నియోజకవర్గం నీగాతా 3లో సీట్లు ఐదు, ఓటరుకు ఓటు ఒక్కటే. ఒకే పార్టీ వాళ్లు ఒకరి మీద ఒకరు పోటీ పడాల్సి వచ్చేది, కాబట్టి పార్టీ పేరు ఒక్కటే గట్టెక్కించేది కాదు, సొంత బలగం కావాల్సి వచ్చేది. ఆయన బలగం పేరు ఎత్సుజాన్‌కాయ్. ఊరి నుంచి రోడ్డు కోసం, వంతెన కోసం అర్జీలు దాని ద్వారానే పైకి వెళ్లేవి. పనులు దిగేవి, కాంట్రాక్టర్లు బతికేవారు, ఓట్లు తిరిగొచ్చేవి. పెట్రోలు పన్నును రోడ్లకే కేటాయించిన 1953 నాటి చట్టం వెనుక ఉన్నదీ ఆయనే. జోయెత్సు షింకాన్‌సెన్ అనే బుల్లెట్ రైలు 1982లో ఈ మంచు దేశంలోకి వచ్చింది. ఆయన చేసిన మేలూ, ఆయన డబ్బు రాజకీయమూ ఒకే యంత్రానికి చెందినవి. వ్యాసాన్ని ‘సేవలు’, ‘అవినీతి’ అని రెండు భాగాలు చేశావంటే ఆ యంత్రం కనపడకుండా పోతుంది.

చదువు ప్రాథమిక స్థాయితో ఆగడం, కట్టడాల వ్యాపారం, 1947లో గెలుపు, బొగ్గు గనుల కేసులో అరెస్టయి నిర్బంధం నుంచే 1949 ఎన్నికలకు నామినేషన్ వేసి గెలవడం, 1951లో నిర్దోషిగా బయటపడటం: ఇవన్నీ ఒక పేరాలో సరిపెట్టు. 39 ఏళ్లకు తపాలా మంత్రి అయ్యాడు, తర్వాత ఆర్థిక మంత్రి. 1972 జూలైలో పాలక లిబరల్ డెమోక్రటిక్ పార్టీ అధ్యక్ష పదవికి ఫుకుదా తకేయోను ఓడించి, 54 ఏళ్లకు ప్రధాని పీఠమెక్కాడు. అదే ఏడు సెప్టెంబరు 29న బీజింగ్‌లో చైనాతో ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేశాడు. చైనా యుద్ధ పరిహారం వదులుకుంది, జపాన్ తైవాన్‌తో దౌత్యం తెంచుకుంది. దీనికి మాత్రం చోటు ధారాళంగా ఇవ్వు.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడ: లాక్‌హీడ్ వల్ల రాజీనామా చేశాడని రాసేస్తారు. కాదు. ఆయన డబ్బు సంబంధాల మీద ఒక పత్రిక కథనం 1974లో వచ్చింది, ధరలు అప్పటికే మండిపోతున్నాయి, డిసెంబరులో దిగిపోయాడు. లాక్‌హీడ్ సంగతి 1976 ఫిబ్రవరిలో అమెరికా సెనేట్ విచారణలో బయటపడింది, జూలై 27న అరెస్టయ్యాడు. మొదట పెట్టినది విదేశీ మారక చట్టం కేసు, లంచం అభియోగం తర్వాతది. 1983 అక్టోబరు 12న జిల్లా కోర్టు నాలుగేళ్ల జైలు వేసి, లంచం సొమ్ము కింద 50 కోట్ల యెన్‌లు రాబట్టాలని తీర్పిచ్చింది. రెండు నెలలు దాటగానే జరిగిన ఎన్నికల్లో 2 లక్షల 20 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. పార్టీలో సభ్యత్వం లేకపోయినా ఒహిరా, సుజుకి, నకసోనేలు ప్రధానులు కావడంలో ఆయన వర్గం బలమే కీలకం.

మన నాయకుల్లో ఎవరితోనో పోల్చాలని చెయ్యి దురద పెడుతుంది. పోల్చకు, ఉత్తరాలన్నీ ఆ పోలిక మీదే వస్తాయి.

చివరి పేరాలో మాట తూచి రాయి. 1985 ఫిబ్రవరిలో ఆయన అనుచరుడు తకెషితా నొబోరు తనాకా వర్గంలోనే వేరు కుంపటి పెట్టాడు, అదే నెలలో తనాకాకు పక్షవాతం వచ్చింది. 1987లో హైకోర్టు శిక్షను ఖాయం చేసింది. అప్పీలు సుప్రీంకోర్టులో ఉండగానే 1993 డిసెంబరు 16న పోయాడు, ఆయన మీద కేసు అక్కడితో మూసేశారు. కాబట్టి ‘సుప్రీంకోర్టు దోషిగా తేల్చింది’ అంటే తప్పు. 1995లో మిగతా నిందితుల కేసులో ఆ కోర్టే లంచం జరిగిందని ఒప్పుకుంది, కనుక ‘కేసు తేలలేదు’ అన్నా తప్పే. రెండు వాక్యాలూ పక్కపక్కనే పెట్టు.

ఇట్లు,
పెదనాన్న