బెంగళూరులో క్రాఫ్ట్ బీరు ఎక్కడ మొదలుపెట్టాలి? వీట్ బీరు పట్టుకుని తిరగండి

మీరు అడిగింది: "విజయవాడ నుంచి ఉద్యోగం మీద బెంగళూరు వచ్చాను. కింగ్‌ఫిషర్ తప్ప వేరే బీరు ఎరగను. సొంతంగా బీరు తయారుచేసి పోసే ఇక్కడి బ్రూపబ్బులన్నీ చూడాలని ఉంది, ఏ వరసలో వెళ్ళమంటారు?"

వరస సంగతి తర్వాత. ముందు ఆ ‘టాప్ 10’ జాబితాలు పక్కన పెట్టండి, వాటిలో సగం లైటింగు గురించే రాస్తారు. నేను మారతహళ్ళి వైపు స్థిరపడి చాలా ఏళ్ళయింది. ఇక్కడ తిరిగి తిరిగి నాకు కుదిరిన పద్ధతి ఒక్కటే: ఎక్కడికి వెళ్ళినా మొదటి గ్లాసు వీట్ బీరు, అంటే గోధుమ బీరు. దీని జర్మన్ పేరు హెఫెవైజెన్. ఈ ఊళ్ళో ఇది దొరకని బ్రూపబ్ అరుదు. ఒకే రకం నాలుగు చోట్ల తాగితే ఎవరి పనితనం ఏమిటో తెలుస్తుంది. ఒకచోట నల్లటి స్టౌట్ తాగి, ఇంకోచోట మామిడిపండు బీరు తాగి "ఇదే బెస్ట్" అనడంలో అర్థం లేదు.

గ్లాసు రాగానే వెలుతురుకి పెట్టి చూడండి. మసక మసగ్గా ఉండాలి. వడకట్టరు కాబట్టి ఈస్టు అందులోనే తేలుతుంటుంది. పైన నురగ దట్టంగా నిలవాలి. ముక్కు దగ్గర పెడితే ముందు మగ్గిన అరటిపండు, దాని వెనక లవంగం తగులుతాయి. అందులో అరటిపండూ వెయ్యరు, లవంగమూ వెయ్యరు, రెండూ ఈస్టు చలవే. పులిసేటప్పుడు ఐసోఅమైల్ ఎసిటేట్ అనేది పుడుతుంది, నిజం అరటిపండుకి వాసన ఇచ్చేవాటిలో అదీ ఒకటి. ట్యాంకులో వేడి కాస్త పెరిగితే సాధారణంగా అరటి ముందుకొస్తుంది, తగ్గితే లవంగం. అందుకే మెనూలో పేరు ఒకటే అయినా ఏ రెండు చోట్లా రుచి ఒకేలా ఉండదు. బాగా చల్లగా తెస్తే రెండు నిమిషాలు ఆగండి, గడ్డకట్టే చల్లదనంలో నాలుకకి ఏమీ తెలియదు. వెన్న రాసిన పాప్‌కార్న్ వాసన వస్తే మాత్రం అనుమానించాలి. అది డయాసెటైల్. బీరు పూర్తిగా తయారవకుండానే తొందరపడి దించారనో, పైపులు సరిగా కడగలేదనో లెక్క. ఒకచోట (పేరెందుకు లెండి) ఆ మాటే చెప్తే వెయిటరు "అది మా స్పెషల్ ఫ్లేవర్ సార్" అన్నాడు! మంచి చోట్ల మారు మాట్లాడకుండా గ్లాసు మార్చి ఇస్తారు. మొహమాటపడకండి.

మీరు కింగ్‌ఫిషర్ అన్నారు కాబట్టి ఒక సంగతి చెప్పాలి. అది లాగర్. లాగర్ పది డిగ్రీల చుట్టుపక్కల నిదానంగా పులుస్తుంది, ఆ తర్వాత వారాల తరబడి చల్లగా నిలవ ఉండాలి. బ్రూపబ్బులో ఉండేవే గుప్పెడు ట్యాంకులు. ఒక ట్యాంకుని అన్నాళ్ళు కట్టిపడేస్తే గిట్టుబాటు కాదు. అందుకని ఇరవై డిగ్రీల దగ్గర పులిసి రెండు మూడు వారాల్లో గ్లాసులోకి వచ్చేసే ఏల్ రకాలే ఎక్కువ చేస్తారు. వీట్ బీరు, చేదెక్కువుండే ఐపీఏ, స్టౌట్ అన్నీ ఆ కోవలోవే. కాబట్టి ఎక్కడైనా శుభ్రమైన లాగర్ పోస్తున్నారంటే ఆ బ్రూయర్‌కి ఓపిక ఉందని అర్థం, అక్కడికి మళ్ళీ వెళ్ళండి.

ఇక చోట్లు. ఇందిరానగర్ 100 అడుగుల రోడ్డులోని టాయిట్‌తో మొదలుపెట్టండి. 2010లో తెరిచారు. ఈ ఊరికి బ్రూపబ్ అలవాటు చేసిన వాటిలో అదొకటి. టాయిట్ వైస్ తాగి, వెంటనే టిన్‌టిన్ టాయిట్ తెప్పించుకోండి. రెండూ గోధుమ బీర్లే. రెండోది బెల్జియం పద్ధతి, అందులో ధనియాలు, నారింజ తొక్క నిజంగానే వేస్తారు. పక్కపక్కన పెట్టుకుని తాగితే తేడా పట్టుకోవడానికి ఎవరూ చెప్పక్కర్లేదు. శనివారం రాత్రి మాత్రం వద్దు, నిలబడే చోటు కూడా దొరకదు. మామూలు రోజున మధ్యాహ్నం వెళ్ళండి. అద్దాల వెనక మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన గింజలు) ఉడికిస్తుంటే హాలంతా హార్లిక్స్ డబ్బా తెరిచినట్టు ఉంటుంది.

తర్వాత మగ్రత్ రోడ్డులోని ఆర్బర్. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్ ఊరి బ్రూవరీ పేరు మీద 2012లో వచ్చింది. వాళ్ళ వీట్ బీరు ‘బ్యాంగలోర్ బ్లిస్’. అది అయ్యాక ‘రేజింగ్ ఎలిఫెంట్’ ఐపీఏ చూడండి, బీరులో వేసే హాప్స్ పువ్వుల చేదంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది. మనవాళ్ళకో హెచ్చరిక: ఐపీఏతో కారం వేపుళ్ళు పెట్టుకోకండి. ఆ చేదు కారాన్ని ఇంకా రెచ్చగొడుతుంది. చిల్లీ చికెన్‌కి వీట్ బీరే జోడీ. నాగార్జునలో ఆంధ్రా భోజనం చేయాలనుంటే అది రెసిడెన్సీ రోడ్డులో దగ్గర్లోనే ఉంది, కానీ బీరుకి ముందు కాదు.

వైట్‌ఫీల్డ్‌లో విండ్‌మిల్స్ క్రాఫ్ట్‌వర్క్స్ తీరే వేరు. గోడల నిండా పుస్తకాలు, జాజ్ కచేరీలకి విడిగా థియేటరు. జేబుకి బరువే, అయినా నా ఓటు దానికే. అరవకుండా మాట్లాడుకోవచ్చు. మారతహళ్ళి ఐరన్‌హిల్, సర్జాపూర్ రోడ్డు బిగ్ బ్రూస్కీ లాంటి భారీ చోట్లు ఆఫీసు పార్టీలకి బాగుంటాయి. రుచి మీద దృష్టి పెట్టాలంటే ఆ గోలలో కష్టం.

చాలా చోట్ల శాంప్లర్ ఉంటుంది. చెక్క పలకలో చిన్న గ్లాసులు పెట్టి అన్ని రకాలూ తలా కాస్త ఇస్తారు. ముందు లేతవి, చివర ఐపీఏ, స్టౌట్. తిరగేసి తాగితే వీట్ బీరు నీళ్ళలా ఉంటుంది. ఆల్కహాల్ శాతం బోర్డు మీదే రాస్తారు, చూసుకోండి. వీట్ బీరు ఐదు దగ్గర ఉంటే బెల్జియన్ ట్రిపెల్ అనే ఘాటు రకం ఎనిమిది దాకా పోతుంది, పైగా తియ్యగా ఉండి తెలియకుండా దిగిపోతుంది.

ఒక సాయంత్రానికి ఒక పేటే పెట్టుకోండి. కారు తియ్యొద్దు. ఇందిరానగర్, ఎంజీ రోడ్డు (ఆర్బర్‌కి దగ్గర), వైట్‌ఫీల్డ్ మూడూ మెట్రో పర్పుల్ లైను మీదే ఉన్నాయి. విండ్‌మిల్స్‌కి మాత్రం దిగాక ఆటో ఎక్కాలి. చివరి బండి ఎన్నింటికో ముందే చూసుకుని, దానికి అరగంట ముందే బిల్లు అడగండి. వారాంతాల్లో బీరు వచ్చినంత త్వరగా బిల్లు రాదు.