కీస్టోన్ సర్వర్ ఒకటి పడిపోయినా లాగిన్ ఆగకూడదంటే ఏం చేయాలి?

క్లౌడ్ నడిపే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌స్టాక్‌లో లాగిన్ చూసుకునే భాగం కీస్టోన్. అది ఆగితే కొత్త టోకెన్లు (లాగిన్ అయ్యాక ఇచ్చే తాత్కాలిక పాస్‌లు) రావు. నడుస్తున్న వీఎంలు (వర్చువల్ మెషీన్లు) నడుస్తూనే ఉంటాయి గానీ, ఓపెన్‌స్టాక్ ద్వారా వాటిని ముట్టుకోలేం. అందుకే మూడు సర్వర్లలో కీస్టోన్ నడిపి, వాటి ముందు, వచ్చే రిక్వెస్టులను పంచే హెచ్‌ఏప్రాక్సీ పెట్టండి. ఆ ప్రాక్సీ కూడా ఒక్కటే ఉంటే లాభం లేదు. రెండు పెట్టి, ఒకటి పడితే ఐపీని రెండోదానికి మార్చే కీప్‌అలైవ్‌డీతో ఉమ్మడి ఐపీ ఇవ్వండి. డేటాబేస్‌కి, ఒకే డేటాను అన్ని సర్వర్లలో ఉంచే గలేరా క్లస్టర్ చాలు.

చిక్కంతా ఫెర్నెట్ అనే రకం టోకెన్లను ఎన్‌క్రిప్ట్ చేసే కీల దగ్గరే. ఈ టోకెన్లు డేటాబేస్‌లో ఉండవు, కీతోనే విప్పి చూస్తారు. మూడు చోట్లా కీలు ఒకేలా లేకపోతే ఒక సర్వర్ ఇచ్చిన టోకెన్‌ని ఇంకోటి తిప్పికొడుతుంది. టోకెన్ ఒకసారి చెల్లి, మరోసారి 401 (అనుమతి లేదనే ఎర్రర్) వస్తుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. కీలు మార్చే పని ఒక్క సర్వర్‌లోనే చేసి, ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌తో మిగతావాటికి పంపండి. తర్వాత వాడబోయే కీ 0 అనే ఫైల్‌గా ముందే అన్నిచోట్లా ఉంటుంది కాబట్టి, కాపీ కాస్త ఆలస్యమైనా టెన్షన్ అక్కర్లేదు.