ఆపరేషన్ ఎవరు చేస్తారని అడగొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి వెన్నుపూస ఆపరేషన్ చేయాలన్నారు. పెద్ద డాక్టర్‌గారి మీద నమ్మకంతోనే ఒప్పుకున్నాం. తీరా లోపల జూనియర్లే చేస్తారని తెలిసినవాళ్లు అంటున్నారు. అడిగితే ఆయన నొచ్చుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: నిరభ్యంతరంగా అడగండి. ఈమాత్రానికే నొచ్చుకునే సర్జన్ అయితే ఆ సంగతి ముందే తెలియడం మంచిదే కదా! జూనియర్లు చేయి వేయడం తప్పు కాదు, అలా చేయకపోతే రేపటికి సర్జన్లే ఉండరు; మీకు చెప్పకుండా దాచడమే తప్పు. కోత పెట్టడం, చివర్లో కుట్లు వేయడం లాంటివి శిక్షణలో ఉన్నవాళ్లు చేస్తుంటారు, కానీ నరాల పక్కన ఎముక తొలగించేటప్పుడు, స్క్రూలు బిగించేటప్పుడు ఎవరి చేయి ఉంటుంది, ఆ సమయంలో ఆయనకు పక్క థియేటర్‌లో ఇంకో కేసు ఉందా అన్నది సూటిగా అడగాలి. ఒకే సర్జన్ రెండు ఆపరేషన్లలోని కీలక ఘట్టాలను ఒకేసారి పెట్టుకోకూడదని అక్కడి సర్జన్ల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ 2016లో స్పష్టంగా చెప్పింది. ఏది కీలకమో తేల్చేది మళ్లీ ఆ సర్జనే, అసలు చిక్కంతా అక్కడే.

ఇంకొకటి, సమ్మతి పత్రం. స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక పెన్ను చేతికిస్తే ఎవరు మాత్రం చదువుతారు? ముందు రోజే అడిగి తీసుకోండి. సర్జన్ పేరు పక్కన ‘మరియు బృందం’ అని ఉంటే, ఆ బృందంలో ఎవరెవరో చెప్పించుకున్నాకే సంతకం పెట్టండి.