లెన్స్‌కు ఈఎంఐ వద్దు, ప్రోగ్రాంల పట్టికకు యాడ్లు తెచ్చుకోండి

ప్రశ్న: మాది నల్గొండ. వయసు 31. ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. నెలకు 42,000 చేతికొస్తుంది. భార్య, మూడేళ్ల పాప ఉన్నారు. ఇంటి కిరాయితో కలిపి నెల ఖర్చు 30,000. సరదా కొద్దీ ఏడాదిగా ఒక వెబ్‌సైట్ నడుపుతున్నాను. జాతరలు, ఆర్కెస్ట్రాలు, ఒగ్గు కథలు, కచేరీల ఫొటోలు తీసి పెడతాను. ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల్లో ఏ రోజు ఎక్కడ ఏ ప్రోగ్రాం ఉందో పట్టిక కూడా ఇస్తాను. నెలకు 12–15 వేల పేజీ వ్యూలు వస్తున్నాయి. గూగుల్ యాడ్లు పెట్టే యాడ్‌సెన్స్‌లో ఏడు నెలలకు 31 డాలర్లు జమయ్యాయి. సైట్ ఫైళ్లు ఉంచే హోస్టింగ్‌కు మొదటి ఏడాది 1,900 కట్టాను, రెన్యువల్‌కు 6,800 అంటున్నారు. దూరం నుంచి స్టేజీ ఫొటోలు తీయడానికి 1.6 లక్షల 70-200 ఎంఎం ఎఫ్ 2.8 జూమ్ లెన్స్‌ను 18 నెలల ఈఎంఐలో తీసుకోవాలనుకుంటున్నా. 1.4 లక్షల ఎఫ్‌డీ ఉంది. యాడ్ల డబ్బుతో ఈఎంఐ తీరుతుందా? ఇన్‌కం ట్యాక్స్ కట్టాలా?

జవాబు: తీరదు. మీ అంకెలతోనే లెక్క చూద్దాం. క్రెడిట్ కార్డు ఈఎంఐ వడ్డీ 15 శాతం అనుకుంటే 1.6 లక్షలకు నెలకు దాదాపు 10,000 పడుతుంది. 18 నెలల్లో వడ్డీయే 19,700 దాకా. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మరో 3,500. ‘నో కాస్ట్’ ఈఎంఐ అని చెప్పినా సాధారణంగా వడ్డీ మేరకు ధరలో డిస్కౌంట్ ఇస్తారే తప్ప జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ మీదే పడతాయి. అటు యాడ్‌సెన్స్ వంద డాలర్లు నిండితే గానీ డబ్బు పంపదు. మీ వేగంతో వంద నిండటానికి దాదాపు 23 నెలలు. ఇప్పటికే ఏడు గడిచాయి కాబట్టి ఇంకో 16. అంటే ఈఎంఐ ఆఖరి వాయిదాలకు వచ్చేసరికి మొదటి చెల్లింపు అందుతుంది, అదీ ఒక్క నెల వాయిదాకు చాలదు.

ఎఫ్‌డీ విరిచి కొనడం ఇంకా తప్పు. ఆరు నెలల ఖర్చు అంటే 1.8 లక్షలు చేతిలో ఉండాలి. మీకు ఇంకా 40,000 తక్కువే ఉంది. ముందు అది నింపండి. టర్మ్ పాలసీ లేకపోతే వెంటనే 75–80 లక్షలకు తీసుకోండి. పాప చిన్నది, ఇంట్లో సంపాదన ఒక్కరిదే.

మరి దూరం సంగతి? మన ఊళ్లలో స్టేజీ దగ్గరికి వెళ్లనివ్వని ప్రోగ్రాంలు తక్కువ. నిర్వాహకులకు ముందురోజే ఫోన్ చేస్తే ముందు వరుస పక్కన నిలబడనిస్తారు. క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరాకు 85 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ తగిలిస్తే 130 ఎంఎం దాకా చూపు వస్తుంది, ఎఫ్ అంకె తగ్గితే వెలుతురు ఎక్కువ లోపలికి వస్తుంది కాబట్టి రాత్రికీ ఎఫ్ 2.8 జూమ్ కంటే అదే నయం. సెకండ్ హ్యాండ్‌లో చూడండి. రెండేళ్లకోసారి వచ్చే పెద్దగట్టు లింగమంతుల జాతర లాంటి వాటికి జూమ్ తప్పదనుకుంటే హైదరాబాద్‌లో రోజు కిరాయికి తెచ్చుకోండి. తీసుకునేటప్పుడు గాజు మీద గీతలు, ఫంగస్ మచ్చలు ఉన్నాయేమో షాపులోనే టార్చి వేసి చూసి, ఫొటో తీసి పెట్టుకోవాలి. లేకపోతే వాపసు ఇచ్చేనాడు డిపాజిట్ దగ్గర పేచీ వస్తుంది.

ఇక సైట్ ఖర్చు. ఏడాదికి 24,000 గీత గీయండి, నెలకు 2,000. దీనికి వేరే సేవింగ్స్ ఖాతా తెరిచి, జీతం పడిన రోజే అందులోకి మళ్లించండి. పెట్రోలు, డొమైన్ (సైట్ పేరు), హోస్టింగ్, హార్డ్ డిస్క్ అన్నీ అందులోంచే. చాలామంది హోస్టింగ్ దగ్గర బేరమాడతారు గానీ అసలు డబ్బు పోయేది తిరుగుడుకి. రానుపోను 120 కిలోమీటర్లంటే బైకు పెట్రోలే మూడు వందలకు దగ్గర, చాయ్, తిండి కలిపితే ఐదు వందలు. నెలకు నాలుగు తిరిగితే మీ 2,000 అక్కడే అయిపోతుంది. కాబట్టి దూరపు ప్రోగ్రాంలు నెలకు రెండే పెట్టుకోండి.

హోస్టింగ్ 6,800 కట్టే ముందు ఒక పని చేయండి. మొదటి ఏడాది ధర ఎర, రెన్యువల్‌దే అసలు ధర; అది మామూలే. అయితే ఫొటోల సైట్లకు ఇంకో చిక్కుంది. ‘అన్‌లిమిటెడ్’ అని రాసినా, ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునే షేర్డ్ హోస్టింగ్‌లో ఫైళ్ల సంఖ్యకు పరిమితి ఉంటుంది, దాన్ని ఐనోడ్ లిమిట్ అంటారు. సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో 6,000 పిక్సెళ్ల ఫొటో ఒక్కటి ఎక్కిస్తే 150, 300, 768, 1024, 1536, 2048 సైజుల్లో కాపీలు, పైగా 2560కి కుదించింది ఒకటి తయారవుతాయి. అసలుతో కలిపి 8 ఫైళ్లు. ఒక జాతరకు 40 ఫొటోలు పెడితే 320. వంద ప్రోగ్రాంలకు 32,000. పరిమితి నిండితే జాగా ఖాళీగానే కనపడుతుంది, సైట్ మాత్రం కొత్త ఫొటో తీసుకోదు. అప్పుడు కంపెనీవాళ్లు పెద్ద ప్లాన్‌కు మారమంటారు, మీరు మారతారు.

దీనికి మందు, ఎక్కించకముందే పొడవు వైపు 1,600 పిక్సెళ్లకు కుదించి, జేపెగ్ క్వాలిటీ 75–80లో సేవ్ చేయడం. పది ఎంబీల ఫొటో మూడు, నాలుగు వందల కేబీలకు దిగుతుంది. ఫైళ్లు కూడా ఎనిమిది నుంచి ఆరుకు తగ్గుతాయి. చిన్న సైజు కాపీలను మాత్రం తీసేయకండి. జాతరలో నెట్ సరిగ్గా అందని ఫోన్లలో తెరుచుకునేవి అవే. ఒక ప్రోగ్రాంకు 400 రా ఫైళ్లు (కెమెరా ఇచ్చే అసలు ఫైళ్లు) తీస్తే 11 జీబీ దాకా అవుతుంది. ఎంచుకున్న 40 ఉంచి, మిగతావి నెల తర్వాత చెరిపేయండి. ఉంచినవి రెండు డిస్కుల్లో, అందులో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. హోస్టింగ్‌ను బ్యాకప్ అనుకోవద్దు.

డబ్బు ఎక్కడ వస్తుందంటే, నా దృష్టిలో ఫొటోల్లో కాదు, మీ పట్టికలో. చిరుతల రామాయణం ఎవరు ఆడతారు, పన్నెండు మెట్ల కిన్నెర, బుర్రవీణ వాయించేవాళ్లు ఏ ఊళ్లో ఉంటారు, ఈ శనివారం ఆర్కెస్ట్రా ఎక్కడ అనేది గూగుల్‌లో వెతికితే సరిగ్గా దొరకదు. కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో, బుర్రవీణ వాయించే నారాయణపేట జిల్లా దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చింది కాబట్టి వాళ్ల పేర్లు తెలుసు. మిగతా కళాకారుల నంబరు కోసం జనం మనిషిని పట్టుకుని మనిషిని అడుగుతున్నారు. ఆ పేజీకి వచ్చేవాడు పెళ్లో పండగో పెట్టుకున్నవాడు. వాడు కావాల్సింది సౌండ్ సిస్టమ్, టెంట్ హౌస్, ఫ్లెక్సీ ప్రింటింగ్, ఫంక్షన్ హాల్, ఆర్కెస్ట్రావాళ్లకు.

ఏడాదిని మూడు సీజన్లుగా అమ్మండి. వినాయక చవితి నుంచి బతుకమ్మ, దసరా దాకా ఒకటి. కురుమూర్తి జాతర ఉండే కార్తీకం, దాని వెంట వచ్చే పెళ్లిళ్లు ఒకటి. చెర్వుగట్టు, మన్యంకొండ ఉత్సవాలు జరిగే మాఘం నుంచి శ్రీరామనవమి దాకా ఒకటి. సీజన్‌కు 1,500 చొప్పున ఆరుగురు దొరికితే 9,000, మూడింటికి 27,000. మీ 24,000 గీత దాటింది. వానాకాలంలో అడగకండి, ఎవరి దగ్గరా ఉండదు. డబ్బు ముందే తీసుకోండి. ‘పండగైనంక ఇస్త’ అన్న బాకీ వసూలుకు మళ్లీ పెట్రోలు అవుతుంది. నంబరు, తేదీ, పాన్ వేసి బిల్లు ఇవ్వండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండా బిల్లులో జీఎస్టీ వేయకూడదు. సేవల రాబడి ఏడాదికి 20 లక్షలు దాటే దాకా దాని అవసరమే రాదు.

భజన మండలి, డప్పు బృందం లాంటి వాళ్ల పేరు పట్టికలో పెట్టడానికి పైసా తీసుకోవద్దు. డబ్బిచ్చినవాళ్ల పెట్టె మీద ‘ప్రకటన’ అని రాయండి. ప్రతి ప్రోగ్రాం పక్కన చివరిసారి సరిచూసిన తేదీ వేయండి. తిథి మారి, వాన పడి, పర్మిషన్ రాక తేదీలు మారుతూనే ఉంటాయి. రాత్రి పది తర్వాత మైకుకు ప్రత్యేక అనుమతి కావాలి కాబట్టి ‘రాత్రంతా’ అని ఫ్లెక్సీలో ఉన్నా సమయం అడిగి రాయండి. దేవరకొండ నుంచి బండేసుకుని వచ్చినవాడు ఖాళీ స్టేజీ చూసి వెళ్తే మళ్లీ మీ సైట్ తెరవడు.

నిర్వాహకులు పైసలిచ్చి ఫొటోలు తీయమంటే జాగ్రత్త. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు తీయించుకున్నవారిదే. రేపు మీ సైట్‌లోంచే తీసేయమనొచ్చు. స్టాంపు పేపరు దాకా అక్కర్లేదు. పనికి ముందు వాట్సాప్‌లో ఇలా పంపి, ‘సరే’ అనిపించుకోండి: “ఫొటోల కాపీరైట్ నాదే. పోస్టర్లకు, ఫ్లెక్సీలకు, సోషల్ మీడియాకు మీరు వాడుకోవచ్చు. నా వెబ్‌సైట్‌లోనూ పెట్టుకుంటాను.” పాటల వీడియోలు, ఆడియో మాత్రం కళాకారుల అనుమతి లేకుండా పెట్టకండి. ప్రదర్శనను రికార్డు చేయడంపై వాళ్లకు విడిగా హక్కుంది.

ట్యాక్స్ గురించి భయం అక్కర్లేదు. కొత్త విధానంలో జీతం మీద 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోను మొత్తం ఆదాయం 12 లక్షల లోపు ఉంటే రిబేటు వల్ల పన్ను సున్నా. కానీ రిటర్న్ వేయాలి, అదీ జీతగాళ్లు మామూలుగా వేసే ఐటీఆర్-1 ఫారం కాదు. యాడ్లు, ఫొటో పనుల డబ్బు వ్యాపార ఆదాయం కిందికి వస్తుంది. పద్దులు రాసే ఓపిక లేకపోతే అంచనా పద్ధతిలో ఐటీఆర్-4 వేయవచ్చు. బ్యాంకు, యూపీఐ ద్వారా వచ్చిన దాంట్లో కనీసం 6 శాతం, నగదులో 8 శాతం లాభంగా చూపాలి. టికెట్లు అమ్మిపెట్టి కమీషన్ తీసుకుంటే మీకు ఈ పద్ధతి వర్తించదు, ఐటీఆర్-3కి వెళ్లాలి. అందులో ఖర్చులతో పాటు కంప్యూటర్‌పై ఏటా 40 శాతం, కెమెరాపై 15 శాతం తరుగుదల చూపవచ్చు. ‘సైట్ నష్టాన్ని జీతంలోంచి తీసేస్తే పన్ను తగ్గుతుంది’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. వ్యాపార నష్టాన్ని జీతంతో సర్దుబాటు చేయనివ్వరు. గడువులోగా రిటర్న్ వేస్తే ఎనిమిదేళ్ల దాకా వ్యాపార లాభంలోంచి మాత్రమే తీసుకోవచ్చు.

చివరగా, డొమైన్ ఎవరి పేరు మీద, ఏ మెయిల్ ఐడీతో ఉందో ఈ వారమే చూడండి. సైట్ చేసిపెట్టిన దోస్తు పేరు మీద ఉంటే మీ పేరుకు మార్పించుకోండి. ఆటో డెబిట్‌ను నమ్ముకోకుండా గడువుకు నెల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకుని మీరే కట్టండి. గడువు దాటి కొన్నాళ్లయ్యాక వెనక్కి తెచ్చుకోవాలంటే అసలు ధరకు ఎన్నో రెట్లు అడుగుతారు. అప్పటికీ కట్టకపోతే ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు.