మూడో గడి దగ్గర ఆగు

చిరంజీవి చెల్లెమ్మకు,

హైస్కూలు అమ్మాయిల మీద వచ్చిన జపాన్ యానిమేషన్ హాస్య సీరీస్ ‘అజుమాంగా దాయోహ్’ ఆఖరి డీవీడీ డిస్కు మీద నువ్వు రాసిన సమీక్ష రెండుసార్లు చదివాను. శ్రద్ధగా రాశావు. కానీ “మొదటి డిస్కులంత నవ్వు రాలేదు, చివర్లో మాత్రం కళ్ళు చెమర్చాయి” అన్న ఒక్క మాటే పేజీన్నర పొడుగునా వేషాలు మార్చుకుంటూ తిరిగింది. ఆ మాట తప్పని అనను. ఈ సీరీస్ చూసినవాళ్ళ నోట తరచూ వినిపించేదే అది. అలా ఎందుకు అనిపిస్తుందో విప్పి చెప్పినప్పుడే దాన్ని సమీక్ష అంటాం.

ముందు దీని పుట్టుక చూడు. కియోహికో అజుమా 1999 నుంచి 2002 దాకా ‘దెంగెకి దాయోహ్’ పత్రికలో వేసిన నాలుగు గడుల బొమ్మల కథ ఇది. జపాన్‌లో ఈ రకాన్ని యోన్‌కోమా అంటారు. మొదటి గడిలో ఎత్తుగడ, రెండో దాంట్లో కొనసాగింపు, మూడో దాంట్లో మలుపు, నాలుగో దాంట్లో ముగింపు. అదే యానిమేషన్‌గా టీవీ టోక్యో ఛానెల్లో 2002 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వచ్చినప్పుడు సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజుకో అయిదు నిమిషాల ముక్క వేసేవారు. వారాంతంలో ఆ అయిదూ కలిపి ఒక భాగంగా చూపేవారు. మొత్తం 130 ముక్కలు, 26 భాగాలు. ఉత్తర అమెరికాలో ఏడీవీ ఫిల్మ్స్ వీటిని ఆరు డిస్కుల్లో తెచ్చింది. అంటే ఒక్కో డిస్కులో నాలుగైదు భాగాలు, ఇరవై పాతిక ముక్కలు. జపాన్ ప్రేక్షకుడు నెల్లాళ్ళు చూసినదాన్ని నువ్వు ఒక్క సాయంత్రంలో చూసేశావు. నెలకు సరిపడా ఊరగాయ ఒక్క పూటలో తిని, కారం ఎక్కువైందంటే జాడీది తప్పా?

అందుకని మళ్ళీ చూడు, ఈసారి రోజుకు ఒక్క భాగమే. మొదటిసారి చేతిలో కలం వద్దు. రెండోసారి మాత్రం ఎక్కడ నవ్వావో నిమిషం, సెకను రాసుకో. “బాగుంది” అనిపించిన చోటు ఇందులోకి రాదు, నోట్లోంచి నవ్వు బయటికొచ్చిన చోటే రాయాలి. ఆ పక్కనే నవ్వుకు ముందు ఎంతసేపు ఎవరూ మాట్లాడలేదో లెక్కపెట్టి వేసుకో. ఈ సీరీస్ ప్రాణం అక్కడే ఉంది. కాగితం మీద మూడో గడికీ నాలుగో గడికీ మధ్య ఉండేది సన్నటి తెల్ల గీత. దర్శకుడు హిరోషి నిషికియోరి ఆ గీతను కాలంగా మార్చాడు. పాత్ర కదలదు, కళ్ళు తెరుచుకునే ఉంటాయి, సంగీతం ఆగిపోతుంది, ఆ తర్వాత ఎప్పటికో మాట వస్తుంది. కొందరు దీన్ని సాగతీత అంటారు, కొందరు పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఇద్దరూ మాట్లాడేది ఆ కొద్ది సెకన్ల గురించే. నీ సమీక్షలో “నెమ్మదిగా సాగింది” అని ఉంది. ఎక్కడ, ఎన్ని సెకన్లు అన్నది కూడా ఉంటే, చదివేవాడు తనకు నప్పుతుందో లేదో తానే తేల్చుకుంటాడు.

ఇక నీకు విసుగు తెప్పించిన సకాకి, పిల్లుల సంగతి. “అదే జోకు ఎన్నిసార్లు?” అని అడిగావు. నిజమే, తొలి డిస్కు నుంచీ వస్తూనే ఉంది. పొడుగాటి, మాట పెగలని అమ్మాయి బూడిద రంగు పిల్లిని నిమరబోతుంది, అది చేయి కొరుకుతుంది. ఇంట్లో పెంచుకుందామంటే తల్లికి పిల్లులు పడవు. మళ్ళీ చేయి చాపుతుంది, మళ్ళీ కాటు. తర్వాత స్కూలు యాత్రలో ఒకినావా ప్రాంతపు ఇరియోమొటే దీవిలో ఒక అడవిపిల్లి కూన, మాయా, ఆమెను కొరకదు. అది ఆ దీవిలో తప్ప మరెక్కడా లేని జాతి. చివరి భాగాల్లో ఆ కూనే టోక్యో చేరి, ఊరి పిల్లులు చుట్టుముట్టినప్పుడు సకాకికి అడ్డుగా నిలబడుతుంది. ఆ క్షణం అంత బరువుగా తగలడానికి కారణం వెనకున్న కాట్లే. అన్నిసార్లు కొరికించుకోకపోతే ఒక్కసారి కొరక్కపోవడానికి విలువే ఉండదు. చివరి డిస్కు మీద రాసేవాళ్ళు పట్టుకోవాల్సిన పాయింటు ఇది. తొలి డిస్కుల్లో జోకుగా దాచుకున్నది ఇక్కడ ఖర్చవుతుంది. నవ్వు తగ్గిందని రాసి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. నవ్వు దేనిగా మారిందో కూడా రాయాలి. ఒక పని చెయ్యి: మొదటి డిస్కు నుంచి సకాకి చేయి చాపిన ప్రతి సన్నివేశం ఏ భాగంలో ఉందో వరసగా రాసిపెట్టుకో. ఆ జాబితాను సమీక్షలో పెట్టకు. నీ వాక్యానికి ధైర్యం మాత్రం అదే ఇస్తుంది.

ఇతరుల అభిప్రాయాలు ఉదహరించేటప్పుడు వాటిని కలగాపులగం చేశావు. ఒకరు జపాన్ మాటల్లో విన్నారు, మరొకరు ఇంగ్లీషు డబ్బింగులో. ఒకరు ఆరు డిస్కులూ వరసగా చూశారు, మరొకరు నేరుగా చివరిది పెట్టుకుని “ఏమీ జరగదు” అన్నారు. ప్రతి అభిప్రాయం పక్కనా ఏ భాషలో, ఏ వరసలో చూశారో రాసుకో. తెలియకపోతే ఆ అభిప్రాయం వాడకు.

భాష మాట వచ్చింది కాబట్టి ఒసాకా అనే పాత్ర గురించి. ఒసాకా నగరం నుంచి బడి మారి వచ్చిన ఈ అమ్మాయికి తోటివాళ్ళు ఊరి పేరే పెట్టేశారు. ఒసాకా వాళ్ళంటే గలగలా మాట్లాడతారని, మాటకు మాట విసురుతారని జపాన్‌లో పేరు. ఇద్దరు నిలబడి చెప్పే మంజాయ్ హాస్యానికి ఆ ఊరు పెద్ద కేంద్రం. ఈ పిల్ల మాత్రం ఎప్పుడూ పరధ్యానంలో ఉంటుంది. అంటే ఆమె పేరే ఒక జోకు. సబ్‌టైటిల్స్‌తో చూసే మనకు యాస చెవిన పడినా దాని వెనకున్న ఊహ అందదు. ఇంగ్లీషు డబ్బింగులో అమెరికా దక్షిణాది యాస పెట్టారు. తెలుగు పాఠకుడికి ఇది చెప్పడం తేలికే, యాస వినగానే మనిషి స్వభావం ఊహించేసే అలవాటు మన సినిమాలు మనకూ నేర్పాయి. రెండు వాక్యాల్లో చెప్పి ముందుకెళ్ళు.

కిమురా అనే మాస్టారిని నువ్వు దాటేశావు, అది కుదరదు. ఆడపిల్లల మీద అతని వెకిలి మాటలకు నవ్వలేని ప్రేక్షకులు ఎందరో. ఇంట్లో పిల్లలకు చూపిద్దామనుకునే తల్లికి ఆ సంగతి నీ సమీక్షలోనే తెలియాలి. నీకు ఎలా అనిపించిందో సూటిగా రాయి.

ఇక జోకుల్ని తిరిగి చెప్పే పద్ధతి. నువ్వు నాలుగు జోకులు పూర్తిగా చెప్పేశావు. నాలుగూ కాగితం మీద చచ్చిపోయాయి, చూడబోయేవాడికి తెర మీద కూడా చచ్చిపోతాయి. మూడో గడి దగ్గర ఆగు. సందర్భం చెప్పు, ఎవరు ఎవరి వైపు చూస్తున్నారో చెప్పు, అక్కడితో సరి. పదేళ్ళకే హైస్కూల్లో చేరిన చియో అక్కడి చదువు ముగిశాక ఎక్కడికి వెళుతుందన్నది కూడా మూడో గడికి అవతలిదే, తీసెయ్యి. మాయా తిరిగి రావడం కూడా అంతే. సమీక్షలో “ఆ కాట్లన్నిటికీ చివర్లో ఒక జవాబు దొరుకుతుంది” అంటే చాలు.

ఆరువందల మాటల్లో కథకు అరవై మించనివ్వకు. పిల్లి ముచ్చటకు రెండువందలు ఇవ్వు, నిశ్శబ్దాలకు నూట యాభై. మిగిలింది అనువాదం, కిమురా, ఎవరు కొనాలన్న సంగతులు పంచుకుంటాయి. సెకన్లు రాసుకున్న కాగితం కూడా కొత్త ప్రతితో పాటు పంపు, దాన్నే ముందు చదువుతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య