కార్తీకంలో వెనిస్ వెళ్లొచ్చా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు వెనిస్ గురించే ఉన్నాయి. నేను పదమూడేళ్లుగా పాదువాలో ఉంటున్నాను, రైలెక్కితే వెనిస్ అరగంట. ఇంటికి ఎవరు వచ్చినా తీసుకెళ్లేది అక్కడికే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఊరికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నవంబరులో మేమిద్దరం వాడి దగ్గరికి వెళ్తున్నాం. వెనిస్ చూపిస్తానంటున్నాడు. పక్కనే మెస్త్రేలో హోటళ్లు చౌకట, అక్కడ పడుకుని ఒక పగలు వెనిస్ చూస్తే చాలంటాడు. ఆ నెలలో ఊరంతా మునిగిపోతుందని బంధువులు భయపెడుతున్నారు. నాకు అరవై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు. మావారు గుడ్డు కూడా ముట్టరు. పైగా ఆయన, "మనది కాలవ గట్టు ఊరే కదా, కాలవలు చూడ్డానికి అంత దూరం వెళ్లాలా" అంటున్నారు. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: తప్పకుండా వెళ్లండి వదినగారూ. కానీ మెస్త్రేలో వద్దు, వెనిస్‌లోనే పడుకోండి. రెండు రాత్రులు. మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి.

కారణం చెప్తాను. నవంబరు మధ్యలో ఇక్కడ సాయంత్రం నాలుగు ముప్పావుకే సూర్యుడు దిగిపోతాడు. పగటిపూట వచ్చిపోయేవాళ్లు పది గంటలకు రైలు దిగి, అందరితో పాటు ఊళ్లోని పెద్ద చౌకు సాన్ మార్కో వైపు తోసుకుంటూ నడిచి, చీకటి పడగానే మళ్లీ రైలెక్కుతారు. అంటే జనం ఉన్న వేళలోనే ఊరిని చూసి వెళ్లిపోతారు. పాత ఊళ్లో ఉండే జనాభా ఇప్పుడు యాభై వేలు కూడా లేదు. యాత్రికులు వెళ్లిపోయాక సందులన్నీ ఖాళీ. మోటారు బండి చప్పుడన్నది లేని ఊరు కదా, ఎదుటి సందులో ఎవరో తాళం తీస్తున్న చప్పుడు కూడా వినిపిస్తుంది. మంచు పడిన రాత్రయితే వంతెన అవతలి కొస కనిపించదు. ఆ మంచును ఇక్కడివాళ్లు తమ యాసలో కాయిగో అంటారు. పాతిక ముప్పై సార్లు వెళ్లి ఉంటాను, నాకు గుర్తున్న వెనిస్ అంతా రాత్రి తొమ్మిది తర్వాతదీ, తెల్లవారి ఎనిమిదికి ముందుదీ.

ఖర్చు గురించి బెంగ వద్దు. నవంబరు 1 ఇక్కడ పండగ, ఆ చుట్టుపక్కల రోజులు మాత్రం రద్దీగా ఉంటాయి, వాటిని తప్పించండి. తర్వాత గదుల అద్దెలు వేసవితో పోలిస్తే బాగా దిగుతాయి. ఊళ్లోకి రావడానికి టికెట్ పెట్టారని మీ అబ్బాయి విని ఉంటాడు. 2024 ఏప్రిల్ 25న మొదలుపెట్టిన రుసుము అది. రాత్రి ఉండకుండా వెళ్లిపోయేవాళ్లకే, అదీ ఇప్పటివరకు ఏప్రిల్, జులై మధ్య కొన్ని రోజుల్లోనే. రాత్రి బస చేసేవాళ్లు హోటల్‌కు కట్టే పన్ను తలకు కొద్ది యూరోలు, అంతే.

ఇక మునగడం సంగతి. మీ బంధువులు చెప్పింది ఉత్త కబురు కాదు. 1966 నవంబరు 4న నీరు 194 సెంటీమీటర్ల మట్టానికి వచ్చింది, 2019 నవంబరు 12న 187కు. ఇది వీధిలో నీటి లోతు కాదు, పాత సముద్రమట్టం నుంచి కొలిచిన ఎత్తు. అయితే అది మన గోదావరి వరదలాంటిది కాదు. ఇది సముద్రపు పోటు. ఆరు గంటలు ఎక్కుతుంది, ఆరు గంటలు తీస్తుంది. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు పెద్దది. దానికి ఆగ్నేయం నుంచి సిరోక్కో గాలి తోడై ఏడ్రియాటిక్ నీటిని ఈ మూలకు నెడితే, ఆ పూట వీధుల్లోకి వస్తుంది. ఇలాంటి రోజులు శరత్తులోనూ చలికాలంలోనూ ఎక్కువ. మీ ఇంట్లో గోడకున్న తెలుగు క్యాలెండరే చాలు, ప్రయాణం తేదీలు ఆ రెండు తిథులకు కాస్త అటూ ఇటూ పెట్టుకోవచ్చు.

పైగా 2020 అక్టోబరు 3 నుంచి మోజే గేట్లు పనిచేస్తున్నాయి. సముద్రం లోపలికి వచ్చే మూడు దారుల్లో నీటి అడుగున 78 ఇనుప తలుపులు పడుకుని ఉంటాయి. నీటిమట్టం 110 సెంటీమీటర్లకు చేరుతుందని అంచనా వస్తే వాటిలోకి గాలి పంపి పైకి లేపుతారు. కాబట్టి మోకాలి లోతు అనే మాట ఇప్పుడు దాదాపు పోయింది. ఆ మట్టానికి లోపు పోటు వచ్చినప్పుడు సాన్ మార్కో చౌకులో మాత్రం నీళ్లు నిలుస్తాయి, ఊళ్లో అన్నిటికంటే పల్లం అదే.

మా అత్తగారు వచ్చిన ఏడు అలాంటి పొద్దు ఒకటి చూశాం. ఏడు గంటలకు చౌకులోకి వెళ్లేసరికి నేలంతా పొడిగానే ఉంది. నీళ్లు ఒడ్డు దాటి వస్తాయని అటు చూస్తూ నిలబడ్డాం. రాలేదు. మా కాళ్ల దగ్గర రాతి పలకల మధ్య వాన నీళ్లు పోయే బెజ్జాలున్నాయి, వాటిలోంచి వచ్చాయి. ముందు చిన్న బుడగలు. తర్వాత పళ్లెమంత తడి. పావుగంటలో అలాంటి పళ్లేలన్నీ ఒకదాన్నొకటి కలుపుకున్నాయి, చర్చి గోపురాలు నేల మీద తలకిందులుగా కనిపించాయి. ఎత్తు బల్లలు ముందే వేసి ఉంచారు, అందరం వాటి మీద నడిచాం. అత్తగారు చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, "నీళ్లెంత చల్లగా వచ్చాయే, చప్పుడే లేదు" అన్నారు. పదకొండుకల్లా మొత్తం తీసేసింది. కొట్లవాళ్లు మంచినీళ్ల పైపులు పట్టుకుని గడపలు కడుగుతున్నారు. ఉప్పునీరు ఆరితే ఇటుకనూ రాతినీ తినేస్తుంది, అందుకని ఆ కడుగుడు.

అన్నయ్యగారి ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే ఉంది. మన కాలవల్లో నీరు ధవళేశ్వరంలో తలుపులెత్తితే వస్తుంది, వేసవిలో కట్టేస్తే ఆగిపోతుంది. ఇక్కడి కాలవలకు తలా తోకా లేవు. సముద్రమే రోజుకు రెండుసార్లు ఊళ్లోకి వచ్చి వెళ్తుంది. పోటు పూట మెట్టు మీదికి వచ్చిన నీరు పాటు పూట మూడు మెట్లు కిందికి పోతుంది, పచ్చటి నాచు బయటపడుతుంది. ఆయన్ని పొద్దున్నే ఏదైనా చిన్న వంతెన మీద అరగంట నిలబెట్టండి. చెత్త ఎత్తే పడవ, కూరగాయల పడవ, సిమెంటు బస్తాల పడవ, పార్సిళ్ల పడవ వరసగా వెళ్తాయి. అంబులెన్సూ పడవే. కాలవ మీద పడవ ప్రయాణాలు ఎరిగినవాళ్లు ఆ దృశ్యం దగ్గర్నుంచి కదలరు. మా నాన్నగారు కదల్లేదు.

మోకాళ్లకు మాత్రం ఈ ఊరు కష్టమే, దాచను. నాలుగు వందలకు పైగా వంతెనలున్నాయి, దాదాపు అన్నిటికీ ఎక్కే మెట్లు, దిగే మెట్లు. గది తీసుకునేటప్పుడు అద్దె కంటే ముందు చూడాల్సింది ఒకటే: వాపొరెట్టో రేవు నుంచి గుమ్మం దాకా ఎన్ని వంతెనలు? వాపొరెట్టో అంటే ఇక్కడి సిటీ బస్సు, పడవ రూపంలో. మా అమ్మానాన్నలు మొదటిసారి వచ్చినప్పుడు, రేవుకు అయిదు నిమిషాలే అని ప్రకటనలో చూసి ఒక బస మాట్లాడాను. అయిదు నిమిషాలే, కానీ మధ్యలో మూడు వంతెనలు. ఇరవై మూడు కిలోల పెట్టెలు రెండు మోసుకుంటూ అమ్మ ప్రతి మెట్టు దగ్గరా ఆగింది. ఆ రాత్రి ఆవిడ మోకాళ్లకు కాపడం పెడుతూ ఎంత బాధపడ్డానో నాకే తెలుసు. మ్యాప్‌లో నీలం గీతలు లెక్కపెట్టండి, ఒక్కటి కూడా దాటక్కర్లేని గది దొరుకుతుంది. పెద్ద పెట్టెలు మ్యూనిక్‌లోనే వదిలెయ్యండి.

నడక బదులు ఒకటో నంబరు వాపొరెట్టో ఎక్కండి. ఊరి నడుమ పోయే పెద్ద కాలవ గ్రాండ్ కెనాల్ పొడవునా దాదాపు ప్రతి రేవులోనూ ఆగుతూ, రైల్వే స్టేషన్ నుంచి సాన్ మార్కో దాకా ముప్పావుగంట తీసుకుంటుంది. ఒక్కసారి ఎక్కే టికెట్ 9.50 యూరోలు, 75 నిమిషాలు చెల్లుతుంది. 48 గంటల పాసు 35 యూరోలు, మీకు అదే నయం. చీకటి పడ్డాక మరోసారి ఎక్కండి, పాత భవనాల్లో దీపాలు వెలిగి లోపలి చెక్క దూలాలు, షాండ్లియర్లు కనిపిస్తాయి. మధ్యాహ్నం పూట జాత్తెరే అనే దక్షిణపు గట్టుకు వెళ్లండి, చలిలో కూడా ఎండ బాగా తగులుతుంది, కూర్చోవడానికి బల్లలుంటాయి. ఇంకో మంచి సంగతి, అక్టోబరు చివర మారథాన్ పరుగు కోసం ఆ గట్టు వైపు కొన్ని వంతెనల మెట్ల మీద ర్యాంపులు వేస్తారు, వాటిని పరుగు అయ్యాక కూడా కొంతకాలం ఉంచుతారు.

తిండి దగ్గర అన్నయ్యగారు జాగ్రత్తగా ఉండాలి. "సెన్సా కార్నే" అంటే మాంసం వద్దని మాత్రమే అర్థం, చేప వచ్చేస్తుంది. "సెన్సా పేషే" అని కూడా కలిపి చెప్పాలి, గుడ్డుకు "సెన్సా ఉఓవా". బీగొలి ఇన్ సాల్సా అనే ఊరి వంటకం చూడ్డానికి ఉల్లిపాయ వేసిన లావు సేమ్యాలా ఉంటుంది, అందులో కరిగిపోయి ఉన్నది ఉప్పుచేప. పార్మెజాన్ చీజ్‌లో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు, పట్టింపు ఉంటే అదీ వద్దనండి. రిసోత్తో అనే అన్నం వంటకమైతే నీళ్లకు బదులు మాంసం రసం పోశారేమో అడగాలి. ఇవన్నీ పోగా మిగిలేది తక్కువేం కాదు. శరత్తులో గుమ్మడికాయ వస్తుంది, పుట్టగొడుగులు వేసిన పొలెంతా, అంటే మొక్కజొన్న పిండి సంకటి, వస్తుంది, ఊదారంగు రదిక్కియో ఆకు వస్తుంది, చేదుగా మన కాకరకాయ తినేవాళ్లకు నచ్చేలా ఉంటుంది. రియాల్టో కూరగాయల బజారులో ఆర్టిచోక్ మొగ్గల్ని చిన్న కత్తితో చెక్కి, అడుగు బిళ్లల్ని నిమ్మరసం నీళ్ల బకెట్‌లో వేస్తుంటారు. వేళ్లు నల్లగా మరకలు పడి ఉంటాయి, కత్తి ఆగదు. వంటిల్లున్న గది అయితే నాలుగు కొనుక్కుని వెల్లుల్లి, ఆలివ్ నూనెలో మగ్గబెట్టుకోండి. మన పచ్చడి సీసా ఒకటి ఎలాగూ తెస్తారు.

తేదీ మీ చేతిలో ఉంటే నవంబరు 11కు గానీ 21కి గానీ చూడండి. 11 సాన్ మార్తీనో పండగ. ఊరి పిల్లలు గిన్నెలు, గరిటెలు మోగించుకుంటూ కొట్టు కొట్టుకూ తిరిగి మిఠాయిలు అడుగుతారు, బేకరీల్లో గుర్రం మీద రౌతు ఆకారంలో బిస్కెట్లు పెడతారు. 21 సలూతే పండగ. 1630లో వచ్చిన ప్లేగు నుంచి ఊరు బయటపడితే గుడి కట్టిస్తామని మొక్కుకుని కట్టిన చర్చి అది. ఏటా ఈ పండగ రోజుల్లో గ్రాండ్ కెనాల్ మీద తాత్కాలికంగా వంతెన వేస్తారు, ఊరివాళ్లంతా దాని మీదుగా నడిచివెళ్లి కొవ్వొత్తి వెలిగిస్తారు. ఆ రోజు యాత్రికుల కంటే ఊరివాళ్లే ఎక్కువ. కార్తీకంలో రేవులో దీపం వదిలే మీకు, చేతిలో కొవ్వొత్తితో చలిలో వరసలో నిలబడ్డ ఆ ముసలమ్మల్ని చూస్తే పరాయి ఊళ్లో ఉన్నట్టు అనిపించదు.

ప్రశ్న: మిలాన్‌లో చదువుకుంటున్నాను. అక్టోబరులో నలుగురం వెనిస్ వెళ్తున్నాం. గొండోలా ఎక్కకపోతే వెళ్లినట్టే కాదంటున్నారు. నిజమేనా?
– ఒక విద్యార్థి

జవాబు: పగలు అరగంటకు 90 యూరోలు, రాత్రి ఏడు దాటితే 110. అది మనిషికి కాదు తమ్ముడూ, పడవకు. అయిదుగురి దాకా ఎక్కొచ్చు, నలుగురు పంచుకుంటే భరించగలిగేదే. ఎక్కితే గ్రాండ్ కెనాల్‌లో వద్దు, మోటారు పడవల అలలకు ఊగుతూనే ఉంటుంది. లోపలి చిన్న కాలవల్లో తిప్పమని ఎక్కకముందే మాట్లాడుకోండి. డబ్బు టెన్షన్ ఉంటే త్రగెత్తో ఎక్కండి, రెండు యూరోలకు గ్రాండ్ కెనాల్ ఆ గట్టు నుంచి ఈ గట్టుకు దాటించే బల్లకట్టు లాంటి పెద్ద గొండోలా అది. ఇద్దరు తెడ్లు వేస్తారు, రెండు నిమిషాల్లో దిగిపోతారు. ఊరివాళ్లు కూరల సంచులతో ఎక్కేది అదే.

ప్రశ్న: మాది చీరాల. మోటుపల్లి రేవు గురించి రాసిన మార్కో పోలో ఇల్లు వెనిస్‌లో ఇప్పటికీ ఉందా?
– ఒక రిటైర్డ్ చరిత్ర అధ్యాపకులు

జవాబు: మాస్టారూ, ఈ ప్రశ్న వచ్చినందుకు చాలా సంతోషించాను. ఇల్లు లేదండి, పదహారో శతాబ్దం చివర్లో కాలిపోయింది. తర్వాత ఆ చోట నాటకశాల కట్టారు, ఇప్పుడు దాన్ని మాలిబ్రాన్ థియేటర్ అంటారు. కానీ దాని వెనకే కోర్తె సెకొందా దెల్ మిలియోన్ అనే చిన్న ముంగిలి ఉంది. అక్కడి ఒక రాతి కమాను ఆయన పుట్టకముందే చెక్కింది. మన తీరానికి వచ్చి, ముత్‌ఫిలి అని మోటుపల్లి పేరు రాసుకుని, భర్త పోయిన రాణి ఒకావిడ న్యాయంగా ఏలుతోందనీ, అక్కడి బట్ట సాలెగూడంత సన్నమనీ చెప్పినాయన, 1324లో పోయేదాకా ఈ పక్కనే ఉన్నాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారులు గుర్తించారు. ఆవిడ తండ్రి గణపతిదేవుడు వర్తకులకు అభయమిస్తూ మోటుపల్లిలో వేయించిన శాసనం మీకు నాకంటే బాగా తెలుసు.

రియాల్టో వంతెన నుంచి నడిస్తే అయిదు నిమిషాలు. సాన్ జొవాన్నీ గ్రిసోస్తొమో చర్చి పక్క సందులోకి తిరగాలి, దారి తలకు తగిలేంత కిందుగా ఇంటి కిందనుంచి పోతుంది. నవంబరు పొద్దుట ఎనిమిదికి వెళ్తే మీరు తప్ప ఎవరూ ఉండరు. మధ్యలో రాతి బావి ఉంది. దాని పక్కన నిలబడి తలెత్తితే కమాను మీద చెక్కిన జంతువులు కనిపిస్తాయి. సన్నపు చెక్కడం, మంచు ఉంటే కాసేపు ఆగాలి.