కంట్రోల్ స్లైడ్ బాగుంది, పేషెంట్ స్లైడ్ బాగాలేదు: ఎక్కడ వెతకాలి?

"కంట్రోల్ స్లైడ్ రోజూ బాగానే వస్తోంది, రిజిస్టర్‌లో సంతకాలూ ఉన్నాయి, అయినా పాథాలజిస్ట్ స్లైడ్లు వెనక్కి పంపుతున్నారు. లోపం ఎక్కడుంది?" అని అడిగారు. హిస్టాలజీ ల్యాబ్‌లో (టిష్యూని సన్నగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద చూడటానికి స్లైడ్లు తయారుచేసే చోట) చాలాకాలంగా టెక్నీషియన్‌గా ఉన్నాను కాబట్టి నా అనుభవంలో చూసింది చెబుతాను.

కంట్రోల్ అంటే స్టెయిన్ సరిగా పట్టిందో లేదో చూడటానికి పేషెంట్ స్లైడ్లతో పాటు రంగు వేసే, మనకు ముందే తెలిసిన టిష్యూ. మీరు వాడే హెచ్ అండ్ ఈ (హెమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రెండు రంగులతో వేసే స్టెయిన్) కంట్రోల్ బ్లాక్, అంటే మైనంలో పోతపోసిన టిష్యూ, ఎప్పుడో బాగా ఫిక్స్ అయి, బాగా ప్రాసెస్ అయిన టిష్యూది. అది బాగుందంటే ఇవాళ్టి స్టెయినింగ్ బాగుందని మాత్రమే అర్థం. ఇవాళ వచ్చిన స్పెసిమెన్ ఫార్మాలిన్‌లో (టిష్యూని పాడవకుండా ఫిక్స్ చేసే ద్రవం) ఎలా ఉంది, ప్రాసెసర్‌లో (టిష్యూలోని నీళ్లు తీసి మైనం ఎక్కించే యంత్రం) ఏం జరిగింది అన్నవి దానికి తెలియవు.

మా ల్యాబ్‌లో ఒకసారి కొన్ని స్లైడ్లలో న్యూక్లియస్‌లు పాలిపోయి, అలికేసినట్టు వచ్చాయి. అందరి అనుమానం న్యూక్లియస్‌లకు రంగు పట్టించే హెమటాక్సిలిన్ మీదే. కొత్తది పోశారు, టైమ్ పెంచారు, మార్పు లేదు. అదే ర్యాక్‌లో పెట్టిన కంట్రోల్ మాత్రం శుభ్రంగా ఉంది. అప్పుడు వెనక్కి వచ్చిన స్లైడ్లన్నీ ఒకచోట పేర్చి చూశాం. అన్నీ పెద్ద స్పెసిమెన్లవే, చిన్న బయాప్సీ ఒక్కటి కూడా లేదు. టిష్యూ అంచుల్లో బాగుంది, మధ్యలోనే మసక. విచారిస్తే తేలిందేమిటంటే, థియేటర్ నుంచి గర్భసంచి, పేగు లాంటివి కోయకుండానే చిన్న డబ్బాలో కుక్కి, మునిగీ మునగనంత ఫార్మాలిన్ పోసి పంపుతున్నారు. ఫార్మాలిన్ గంటకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున లోపలికి వెళ్తుంది, లోతుకు పోయేకొద్దీ ఇంకా నెమ్మది. అది చేరేలోపే మధ్యభాగం పాడైపోతోంది. అలా పాడైనదాన్ని ఏ స్టెయినూ బాగుచేయలేదు. టిష్యూకి కనీసం 10 రెట్లు 10 శాతం బఫర్డ్ ఫార్మాలిన్ ఉండాలని, పెద్దవాటిని రాగానే తెరిచి పెట్టాలని, గ్రాసింగ్‌లో (స్పెసిమెన్‌ని పరిశీలించి ముక్కలు కోసే దశ) ముక్కలు 3-4 మిల్లీమీటర్లకు మించకూడదని పట్టుబట్టాకే ఆ సమస్య తగ్గింది.

కాబట్టి మీరు కూడా వెనక్కి వచ్చిన స్లైడ్లను ముందు గుంపులుగా విడదీయండి. ర్యాక్ మొత్తం పాలిపోతే స్టెయిన్‌ని చూడండి. ఒకే రాత్రి ప్రాసెస్ చేసిన బ్లాకులన్నీ మెత్తగా, కోతకు లొంగకుండా ఉంటే ప్రాసెసర్‌లోని ఆల్కహాల్‌లో నీళ్లు చేరాయేమో చూడండి. స్టెయినింగ్ చివర స్లైడ్‌ని ముంచే జైలీన్ అనే ద్రావకం పాలలా తెల్లబడితే అక్కడా నీళ్లు చేరినట్టే. గీతలు ఒకరు కోసిన స్లైడ్లలోనే వస్తుంటే బ్లేడు మార్చి చూడండి.

ఇక కంట్రోల్ ఎంపిక. దీని గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. చాలా ల్యాబుల్లో టీబీ బ్యాక్టీరియా కిక్కిరిసి ఉన్న బ్లాక్‌ని జీల్-నీల్సన్ (టీబీ బ్యాక్టీరియాని ఎర్రగా చూపే స్టెయిన్) కంట్రోల్‌గా వాడతారు. స్టెయిన్ సగం పనిచేసినా అందులో ఎరుపు కనిపిస్తుంది. పేషెంట్ టిష్యూలో ఉండే ఒకటి రెండు బ్యాక్టీరియా మాత్రం తప్పిపోతాయి. వెతికితేగానీ దొరకనంత తక్కువ ఉన్న బ్లాక్‌ని ఎంచుకోండి. పక్కనే నెగటివ్ కంట్రోల్ (ఆ బ్యాక్టీరియా లేని టిష్యూ) కూడా పెట్టండి, ఎందుకంటే కుళాయి నీళ్లలో ఉండే మైకోబ్యాక్టీరియా కూడా స్లైడ్ మీదికి రావచ్చు. ఇమ్యునో స్టెయిన్లకూ (యాంటీబాడీలతో టిష్యూలోని ఒక్కో ప్రోటీన్‌ని చూపేవి) ఇదే చెబుతాను: బలంగా పట్టే కణితి ఒక్కటే చాలదు, బలహీనంగా పట్టేది కూడా ఉండాలి, అదీ పేషెంట్ సెక్షన్ ఉన్న స్లైడ్ మీదే ఉంటే మరీ మంచిది. రోజువారీ హెచ్ అండ్ ఈకి నేను అపెండిక్స్ వాడతాను. మ్యూకోసా, లింఫాయిడ్ కణాలు, కండరం, రక్తకణాలు అన్నీ ఒకేచోట దొరుకుతాయి, ఇయోసిన్ గులాబీ ఛాయలు విడివిడిగా వచ్చాయో లేదో వెంటనే తెలుస్తుంది.

రిజిస్టర్‌లో "ఓకే" అని రాయడం మానేయండి. "న్యూక్లియస్ స్పష్టం, ఇయోసిన్ కాస్త ఎక్కువ" అని కనిపించింది రాయండి. పదిరోజులవి వరుసగా చదివితే స్టెయిన్ ఎటు జారుతోందో తెలుస్తుంది. రియేజెంట్ లాట్ నంబరు, తెరిచిన తేదీ కూడా అందులోనే ఉండాలి.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది వాటర్ బాత్, అంటే కోసిన సెక్షన్లను స్లైడ్ మీదికి ఎత్తేముందు తేలించే గోరువెచ్చని నీటి తొట్టి. ఒక పేషెంట్ టిష్యూ తునక తేలుతూ ఉండి ఇంకొకరి స్లైడ్ మీద అంటుకుంటే, అది క్యాన్సర్ తునకైతే, లేని జబ్బుకి ఒకరికి చికిత్స జరగొచ్చు. రంగు బాగా పట్టినంత మాత్రాన ఈ తప్పు బయటపడదు. ప్రతి బ్లాక్ తర్వాత నీటి ఉపరితలాన్ని టిష్యూ పేపర్‌తో తుడవండి. ఒకసారి ఒక్క బ్లాకే ముందుంచుకోండి, నంబరు అప్పటికప్పుడే రాయండి. స్టెయిన్ అయ్యాక స్లైడ్‌ని బ్లాక్ పక్కన పెట్టి రెండింట్లో టిష్యూ ఆకారం సరిపోతోందో చూడండి, దానికి కొన్ని సెకన్లు చాలు. సరిపోకపోయినా, వేరే తునక అంటుకుందన్న అనుమానం వచ్చినా, స్లైడ్‌ని పారేయకండి, గీకకండి. పాథాలజిస్ట్‌కి చెప్పి, అదే బ్లాక్ నుంచి ఇంకో సెక్షన్ కోసి రెండూ కలిపి ఇవ్వండి.